భద్రతా నమోదులకు ఉచిత డేటాబేస్ చాలునా?

కృష్ణా డెల్టాలోని వేమూరు ప్రాంతమున వరి పండించు రైతు గాదె కట్టించుటకు ముందు రెండు లెక్కలు చూచుకొనును. ఎన్ని బస్తాలు వచ్చును? ఎన్ని నెలలు నిలువ ఉంచవలెను? గాదె ఉచితముగా దొరికినను ఈ లెక్క తప్పదు. కంప్యూటర్ల భద్రతకు సంబంధించిన నమోదులను దాచుటకు కూడ ఇదే లెక్క వర్తించును.

కంప్యూటరు తనలో జరుగు పనులను ఎప్పటికప్పుడు వ్రాసి పెట్టుకొనును. ఎవరు ఏ వేళ లోనికి ప్రవేశించిరి, ఎవరి పాస్‌వర్డు తప్పినది, ఏ సెట్టింగు మారినది అను విషయములు ఇందులో ఉండును. వీనికి లాగులని పేరు. ఇవి పాఠశాలలోని హాజరుపట్టీ వంటివి. ఏదైన మోసము జరిగినపుడు ఆ దారిని వెదకి పట్టుటకు ఇవే ఆధారము. అనేక కంప్యూటర్ల లాగులను ఒకచోట చేర్చి, వెదకి, నివేదికలు తయారుచేయుటకు డేటాబేస్‌ను వాడుదురు.

కొన్ని కంపెనీలు తమ డేటాబేస్‌ను వెల లేకుండ ఇచ్చును గాని, దానికి హద్దులు పెట్టును. మైక్రోసాఫ్ట్ వారి ఎస్.క్యూ.ఎల్. సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఇందుకు మంచి ఉదాహరణము. 2005 కూర్పులో ఒక్కొక్క డేటాబేస్ 4 గిగాబైట్లకు మించరాదు. 2010లో ఈ హద్దు 10 గిగాబైట్లయినది. 2025 కూర్పులో 50 గిగాబైట్లకు పెరిగినది. కాబట్టి "ఉచిత కూర్పు చాలునా?" అని అడుగుటకు ముందు "ఏ సంవత్సరపు కూర్పు?" అని అడుగవలెను.

ఇక ఎన్నాళ్లు దాచవలెను? భారత ప్రభుత్వ సంస్థయైన సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశముల ప్రకారము ప్రభుత్వ సంస్థలు, కంపెనీలు మున్నగునవి తమ లాగులను 180 దినములు భద్రపరచవలెను.

వేమూరు వంటి మండల కేంద్రములో 20 కంప్యూటర్లున్న కార్యాలయమును ఊహింతము. ఒక్కొక్క కంప్యూటరు దినమునకు 4,000 నమోదులు వ్రాయుననియు, ఒక్కొక్క నమోదు 500 బైట్లనియు అనుకొందము. దినమునకు 80,000 నమోదులు, అనగా 40 మెగాబైట్లు. 180 దినములకు 7.2 గిగాబైట్లు. త్వరగా వెదకుటకు డేటాబేస్ ఉంచుకొను సూచికలకు మరి నాలుగవ వంతు చేర్చినచో 9 గిగాబైట్లగును. 10 గిగాబైట్ల హద్దులో ఇది సరిపోయినట్లే తోచును.

కాని అపాయము ఇచటనే ఉన్నది. ఎవడో దుర్మార్గుడు యంత్రము సాయముతో సెకనుకు పది పాస్‌వర్డుల చొప్పున ప్రయత్నించుచున్నాడనుకొందము. తప్పిన ప్రతి ప్రయత్నమును ఒక నమోదే. ఒక దినములో 8,64,000 నమోదులు చేరును. సూచికలను విడిచిపెట్టినను ఇవి 432 మెగాబైట్లు. మిగిలిన 1 గిగాబైటు చోటు మూడవనాటికే నిండిపోవును. హద్దు చేరిన డేటాబేస్ పాతవానిని చదువనిచ్చును గాని, క్రొత్త నమోదులను స్వీకరింపదు. దొంగ ఇంటిలో ఉండగా కావలివాడు నిద్రపోయినట్లగును. కాబట్టి మామూలు దినముల లెక్క ఒక్కటే చాలదు. ఉప్పెన దినముల కొరకు కూడ చోటు మిగుల్చవలెను.

దీనికి ఉపాయములు లేకపోలేదు. గడచిన 30 దినముల వివరములను మాత్రమే డేటాబేస్‌లో ఉంచి, పాతవానిని కుదించిన ఫైళ్లుగా వేరొక డిస్కులో దాచవచ్చును. లాగులలో ఒకే మాటలు మరల మరల వచ్చుటచే అవి బాగుగా కుదియును. అపుడు పై కార్యాలయమునకు డేటాబేస్‌లో కావలసిన చోటు 1.5 గిగాబైట్లు మాత్రమే. అయితే ఎక్స్‌ప్రెస్ కూర్పులో వేళకు పనులు నడుపు ఏజెంట్ అను భాగము లేదు. పాత నమోదులను తరలించు పనిని విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్‌కు అప్పగింపవలెను. ఆ ఏర్పాటు మరచినచో గాదె మరల నిండును.

పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేస్‌లు కూడ ఉచితమే. వానికి లైసెన్సు విధించిన పరిమాణపు హద్దు లేదు. డిస్కు ఎంతయో అంతే హద్దు. కాని దానిని కనిపెట్టి చూచుటకు తెలిసిన మనిషి కావలెను. ఆ మనిషి లేనిచోట హద్దున్న ఉచిత కూర్పే సులువు కావచ్చును. హద్దు దాటు అవసరమున్నచోట అది పనికిరాదు.

పాఠశాల కంప్యూటరు గదిలో ఉపాధ్యాయులు ఈ లెక్కను విద్యార్థులచే చేయింపవచ్చును. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌ను తెరచి, భద్రతా విభాగములో ఒక వారము నమోదులను లెక్కింపవలెను. సగటును, నమోదు పరిమాణమును, దాచవలసిన దినములను గుణించి, సూచికలకును ఉప్పెనకును కొంత చేర్చవలెను. వచ్చిన సంఖ్య హద్దులో సగమునకు మించనిచో ఉచిత కూర్పును నిశ్చింతగా ఎన్నుకొనవచ్చును. హద్దునకు దగ్గరగా వచ్చినచో ఇప్పుడే వేరు మార్గము చూచుకొనుట మేలు. పంట కళ్లమునకు వచ్చిన తరువాత గాదె వెదకుట వలన ప్రయోజనము లేదు.