సవాల్ వేరు, సవాలు వేరు

ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన మాటల్లో సవాల్, జవాబ్ అనే జంట ఒకటి. దారిలో ఆ జంట విడిపోయింది. జవాబు తన అర్థాన్ని తనతోనే తెచ్చుకుంది. దాని వెంట వచ్చిన ‘జవాబుదారీ’ కూడా మన కార్యాలయాల్లో, పత్రికల్లో చక్కగా పనిచేస్తున్నది. సవాల్ మాత్రం మారిపోయింది. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులో సవాలు అంటే తొడగొట్టి రమ్మనడం. చట్టసభల్లో ప్రశ్నోత్తరాల సమయాన్ని ఉర్దూ పత్రికలు ‘వక్ఫయె సవాలాత్’ అని రాస్తాయి. మన సభల వార్తలు చదువుతుంటే ఆ వక్ఫాలో జరుగుతున్నది ఉర్దూ సవాలా, తెలుగు సవాలా అని మాకు అప్పుడప్పుడు అనుమానం కలుగుతుంది.

గోదావరి జిల్లాల వారికి ఈ అనుమానం మరింత ముఖ్యమైనది. 2024 ఎన్నికల్లో ఉమ్మడి తూర్పు గోదావరిలోని 19 శాసనసభ స్థానాలను, ఉమ్మడి పశ్చిమ గోదావరిలోని 15 స్థానాలను, మొత్తం 34 స్థానాలనూ తెలుగుదేశం, జనసేన, బి.జె.పి. కూటమే గెలుచుకుంది. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, నరసాపురం, ఏలూరు లోక్‌సభ స్థానాలూ అంతే. ఓటర్ల తీర్పును మేము తప్పుపట్టడం లేదు. కాని తుని నుంచి నరసాపురం దాకా ఒక్క ప్రతిపక్ష సభ్యుడైనా గెలవనప్పుడు మంత్రులను అడిగేవారెవరు? పైగా ఆ 34 మందిలో నలుగురు 2024 జూన్‌లో మంత్రులయ్యారు. పిఠాపురం నుంచి పవన్ కళ్యాణ్, పాలకొల్లు నుంచి నిమ్మల రామానాయుడు, నిడదవోలు నుంచి కందుల దుర్గేష్, రామచంద్రపురం నుంచి వాసంశెట్టి సుభాష్. ఉండి సభ్యుడు రఘురామకృష్ణరాజు గారు అదే ఏడాది నవంబరులో ఉపసభాపతి అయ్యారు. మంత్రి అయినవారు ప్రశ్న వేయరు, జవాబు చెబుతారు. సభాస్థానంలో కూర్చున్నవారు అడగరు, అడగనిస్తారు. మిగిలింది 29 మంది.

ప్రతిపక్షం లేకపోతే ప్రశ్న కూడా లేనట్టేనని మనలో చాలామంది అనుకుంటారు. చట్టసభల నియమాలు అలా చెప్పడం లేదు. మంత్రి కాని ప్రతి సభ్యునికీ అడిగే హక్కు ఉంది, ఆయన ఏ పార్టీ వాడైనా సరే. మన పార్లమెంటు చరిత్రలో అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకునే ప్రశ్న అధికార పక్షం బెంచీల నుంచే వచ్చింది.

అది 1957. జీవిత బీమా సంస్థ పుట్టి అప్పటికి ఏడాది. పాలసీదారులు పైసా పైసా కూడబెట్టి కట్టిన సొమ్ములో నుంచి సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలు పెట్టి హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల వాటాలు కొన్నారు. ఆ సెప్టెంబరులో రాం సుభగ్ సింగ్ లోక్‌సభలో దాన్ని గురించి ప్రశ్న వేశారు. సూటి జవాబు రాలేదు. డిసెంబరులో ఫిరోజ్ గాంధీ వివరాలన్నీ సేకరించి సభ ముందు పెట్టారు. 1958 జనవరిలో జస్టిస్ ఎం.సి. ఛాగ్లాతో విచారణ సంఘం వేయక తప్పలేదు. విచారణ జనం ఎదుట బహిరంగంగా జరిగింది. ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అడిగిన ఇద్దరూ కాంగ్రెసు సభ్యులే, ప్రభుత్వమూ కాంగ్రెసుదే. ఫిరోజ్ గాంధీ అయితే ప్రధాని నెహ్రూకు స్వయానా అల్లుడు.

ఫిరోజ్ గాంధీ గట్టిగా అరిచి గెలవలేదు. ఎవరు కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఎవరి అనుమతితో కొన్నారు, ఆ రోజు బజారులో ధర ఎంత అని లెక్కలు అడిగి గెలిచారు. మదరసాల్లో దర్సె నిజామీ చదివినవారికి ‘మునాజరా’ అనే ఇల్ము తెలుసు. వాదప్రతివాదాలకు పద్ధతి నేర్పే విద్య అది. ‘రషీదియా’ అనే కితాబు ఆ పాఠానికి ఆధారం. చదువుకునే రోజుల్లో అది మాకు కొరకరాని కొయ్య. అయినా అందులోని నియమం ఒకటి ఇప్పటికీ గుర్తుంది. దావా చేసినవాడే దలీలు చూపాలి. ఎదుట కూర్చున్న ‘సాయిల్’, అంటే ప్రశ్నించేవాడు, ఏదీ రుజువు చేయనక్కరలేదు. మీరన్నదానికి ఆధారం ఏమిటి అని అడిగితే చాలు. సాయిల్ తానే ఒక దావా చేశాడా, రుజువు భారం అతని నెత్తిన పడుతుంది. మన సభల్లో తరచు జరిగేది ఇదే. ప్రశ్న అడగవలసిన సభ్యుడు లేచి ఉపన్యాసం ఇస్తాడు, ఆరోపణ చేస్తాడు. ఇక మంత్రిగారు జవాబు చెప్పే పనే లేదు. ‘దమ్ముంటే నిరూపించు’ అంటే సరిపోతుంది. అక్కడితో సవాల్ కాస్తా సవాలైపోయింది!

లోక్‌సభలో పద్ధతి ఇది. సభ్యుడు పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. వచ్చిన నోటీసులకు చీటీలు తీసి రోజుకు 20 ప్రశ్నలను మౌఖిక సమాధానానికి ఎంచుతారు. వాటికి నక్షత్రపు గుర్తు ఉంటుంది. మరో 230 దాకా ప్రశ్నలకు గుర్తు ఉండదు, జవాబు కాగితం మీదే వస్తుంది. నక్షత్రం ఉన్న ఇరవైలో కూడా తరచు నాలుగైదు మాత్రమే సభలో నోటి మాటగా జవాబు దాకా వస్తాయి. ఆ నక్షత్రానికి అంత విలువ ఎందుకంటే దాని వెనుక అనుబంధ ప్రశ్న ఉంది. అచ్చయిన ప్రశ్నకు అధికారులు జవాబు రాసిస్తారు, మంత్రిగారు చదువుతారు. అనుబంధ ప్రశ్న ఎటు నుంచి వస్తుందో ఎవరూ పూర్తిగా ముందే రాసివ్వలేరు. మంత్రిగారికి తన శాఖ ఎంత తెలుసో అక్కడ బయటపడుతుంది.

ఆ అనుబంధ ప్రశ్న కూడా తేలిగ్గా దక్కలేదు. 1892 చట్టంతో గాని శాసన మండళ్ళలో ప్రశ్న అడిగే హక్కు రాలేదు. 1893లో వైస్రాయి మండలిలో భింగా రాజా మొదటి ప్రశ్న వేశారు. అధికారులు పర్యటనకు వచ్చినప్పుడు గ్రామాల్లోని దుకాణదారుల చేత సరుకులు ఇప్పించుకోవడం వల్ల వారు పడే ఇబ్బంది గురించి! రసదు పేరుతో ఇళ్ళు గుల్లయిన కథలు విన్న పెద్దలకు ఆ ప్రశ్న విలువ తెలుస్తుంది. ‘హిందూ’ పత్రికను 1878లో స్థాపించిన ఆరుగురిలో ఒకరైన మన రాజమండ్రి న్యాయవాది న్యాపతి సుబ్బారావు పంతులు గారు 1890లలో మద్రాసు శాసన మండలిలో ఉన్నది ఈ నియమాల కిందనే. జవాబు నచ్చకపోతే మళ్ళీ అడగడానికి వీల్లేదు. 1909లో అడిగినవారికి మాత్రం అనుబంధ ప్రశ్న ఇచ్చారు. మిగతా సభ్యులకు అది దక్కింది 1919 సంస్కరణల తర్వాతనే.

ఈ హక్కును మూడు వైపుల నుంచీ చూసినవారు కోనసీమలో ఒకరున్నారు. ఎదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి గారు 1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు ఎన్నికై అడిగేవారి వరుసలో కూర్చున్నారు. 1996లో ఓడిపోయి, ముమ్మిడివరం ఉప ఎన్నికలో శాసనసభకు వచ్చి, రాష్ట్ర ఉన్నత విద్యా మంత్రిగా జవాబు చెప్పేవారి వరుసలోకి మారారు. 1998 మార్చిలో లోక్‌సభ స్పీకరై ఆ రెండు వరుసల మధ్యా కూర్చున్నారు. ఆ పీఠం ఎక్కిన మొదటి దళితుడు ఆయనే. 2000లో లోక్‌సభకు మొదటిసారిగా నైతిక విలువల సంఘాన్ని ఏర్పాటు చేశారు. 2001 నవంబరులో దేశంలోని సభాపతులను, ముఖ్యమంత్రులను, పార్టీల నాయకులను ఢిల్లీలో సమావేశపరిచారు. ప్రశ్నోత్తరాల సమయానికి అడ్డు రాకూడదని అక్కడ అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నది ఎంతవరకు నిలిచిందో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి ఆయన మరణించారు. యానాం, ఎదుర్లంకల మధ్య వారధికి ఆయన పేరు పెట్టారు. తర్వాతి కాలంలో మన నరసాపురం వాసి ఎం.ఎ. షరీఫ్ గారు 2019 నుంచి 2021 వరకు రాష్ట్ర శాసన మండలి చైర్మన్‌గా అటువంటి కుర్చీలోనే కూర్చున్నారు.

ఏ ప్రశ్న ఎక్కడ అడగాలన్నది కూడా తెలియాలి. కాలువలో పూడిక, బడిలో పంతులు, ఆసుపత్రిలో మందు రాష్ట్ర మంత్రుల బాధ్యత. గ్యాస్ బావులు, పైపులైన్లు ఢిల్లీ మంత్రులవి. 1995 జనవరి 8న పాసర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. బావి అంటుకుని 65 రోజులు మండింది. అప్పుడు అమలాపురం లోక్‌సభ సభ్యుడు బాలయోగి గారే. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీరు, ద్రవాలు కలిసిన తడి గ్యాస్ పంపడం వల్ల లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. ఇప్పుడు ఆలోచించండి. ‘కోనసీమలో పైపులైన్లు భద్రంగా ఉన్నవా?’ అని ముందే అడిగి ఉంటే ‘ఉన్నవండి’ అనే జవాబు వచ్చేది. ‘ఈ గొట్టాన్ని ఏ రకం గ్యాస్ కోసం వేశారు, ఇప్పుడు ఏ రకం పోతున్నది, లోపలి తుప్పు చివరిసారి ఏ తేదీన పరీక్షించారు?’ అని అడిగి ఉంటే ఒక అధికారి ఆ కాగితాలు తీసి చూడవలసి వచ్చేది.

పోలవరం సంగతీ అంతే. ‘ఎప్పుడు పూర్తి చేస్తారు?’ అన్న ప్రశ్నకు ప్రతి ప్రభుత్వమూ ఒక తేదీ చెబుతుంది. నిర్వాసిత కుటుంబాలు 1,06,006 అని పార్లమెంటుకు ఇచ్చిన జవాబుల్లోనే ఉంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 41.15 మీటర్ల మట్టం వరకు 30,436.95 కోట్ల రూపాయల అంచనాను ఆమోదించింది. మరి ఆ మట్టం లోపల ఉన్న కుటుంబాలెన్ని? వాటిలో ఎన్నిటికి ఇంటి తాళం చేతికి వచ్చింది? 41.15కూ 45.72కూ మధ్య ఉన్నవారికి ఏ సంవత్సరం? ఇందులో ఆరోపణ ఒక్కటీ లేదు, అన్నీ అంకెలే.

మన శాసనసభ ప్రశ్నలకు ఒక పాత అచ్చు ఉంది. ‘ఫలానా విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చినదా? వచ్చినచో తీసుకున్న చర్యలేవి?’ మొదటిదానికి ‘లేదండి’. రెండవదానికి ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’. అంత కాలం పోరాడి తెచ్చుకున్న హక్కు నాలుగు ముక్కల్లో ముగుస్తుంది. ఆ సందు మంత్రిగారికి తీసి ఇచ్చింది ప్రశ్న రాసినవారే.

మేము పాఠశాలలో పనిచేస్తున్నాం కనుక ప్రశ్నకు ఉన్న ఇంకొక బలం కూడా చూస్తుంటాం. అసెంబ్లీలో ప్రశ్న పడిందంటే కార్యాలయాల్లో దాన్ని ఎల్.ఎ.క్యూ. అంటారు. ఆ మూడక్షరాలు రాసిన కాగితం వచ్చిన రోజు నిద్రపోతున్న ఫైలు లేస్తుంది. సచివాలయం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి హెడ్మాస్టరు బల్ల మీదికి సాయంత్రంలోగా సమాచారం కావాలని కబురు వస్తుంది. సభలో ఆ ప్రశ్న చర్చకు అందినా అందకపోయినా, ఖాళీల లెక్క ఒకసారి సంతకంతో కాగితం మీదికి ఎక్కుతుంది.

మనవాళ్ళు ఎమ్మెల్యేగారి ఇంటికి అర్జీతో వెళతారు, ప్రశ్నతో వెళ్ళరు. ‘మా బడికి ఉర్దూ పంతుల్ని వేయించండి’ అన్నది అర్జీ. ‘జిల్లాలో మంజూరైన ఉర్దూ ఉపాధ్యాయ పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, ఖాళీగా ఉన్నవి ఏ తేదీ నుంచి ఖాళీ?’ అన్నది ప్రశ్న. 2022 మార్చిలో శాసనసభ ఉర్దూను రాష్ట్రానికి రెండవ అధికార భాషగా చేస్తూ బిల్లు ఆమోదించినప్పుడు మిఠాయిలు పంచుకున్నాం. గోదావరి జిల్లాల్లో ఏ ఏ కార్యాలయాల్లో ఉర్దూలో రాసిన దరఖాస్తు తీసుకుంటున్నారో సంఖ్యతో సహా అడగమని ఏ సభ్యునికైనా కాగితం ఇచ్చినవారు మనలో ఎందరు? అధికార పక్షం సభ్యుడు ఇలాంటిది అడగడానికి జంకనక్కరలేదు. మంత్రికి అది అవమానమూ కాదు.

ప్రశ్నను అమ్ముకున్నవారూ ఉన్నారు. 1951లోనే హెచ్.జి. ముద్గల్ అనే సభ్యుని సభ్యత్వం దీని మీదనే పోయింది. 2005 డిసెంబరులో డబ్బు తీసుకుని ప్రశ్నలు వేశారని 11 మందిని పార్లమెంటు నుంచి బహిష్కరించారు. ప్రశ్నకు విలువ లేకపోతే దాన్ని డబ్బిచ్చి కొనేవారు ఎందుకుంటారు?

ప్రశ్నోత్తరాలు లేని సభ ఎలా ఉంటుందో 2020 సెప్టెంబరులో చూశాం. కరోనా కారణంగా ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్ని రద్దు చేసి రాతపూర్వక జవాబులే ఇచ్చారు. లాక్‌డౌన్‌లో ఇళ్ళకు నడిచిపోతూ చనిపోయిన వలస కూలీలు ఎందరని అడిగితే, అటువంటి సమాచారం లేదని కార్మిక శాఖ రాసింది. ఎందుకు లేదు, ఎవరు సేకరించాలి, ఎప్పటిలోగా సేకరిస్తారు అని లేచి అడిగే అనుబంధ ప్రశ్నకు ఆ రోజు చోటు లేదు. కాగితం అక్కడితో ఆగిపోయింది.

సభలో మంత్రి ‘పరిశీలిస్తాం’, ‘సమాచారం సేకరిస్తున్నాం’ అన్నా ఆ మాట గాలికి పోదు. అటువంటి మాటలను ఏరి లెక్కపెట్టడానికి లోక్‌సభలో 1953 నుంచి హామీల కమిటీ ఉంది. సాధారణంగా మూడు నెలల్లో ఆ హామీ తీర్చాలి. లోక్‌సభలో ఎవరు ఏ తేదీన ఏం అడిగారో, ఏ మంత్రి ఏం చెప్పారో పార్లమెంటు వెబ్‌సైటులో సభ్యుని పేరుతో వెతికి ఎవరైనా చదువుకోవచ్చు. రాజమండ్రి నుంచి పురందేశ్వరి, కాకినాడ నుంచి ఉదయ్ శ్రీనివాస్, ఏలూరు నుంచి పుట్టా మహేష్, అమలాపురం నుంచి బాలయోగి గారి కుమారుడు హరీష్ మాధుర్ 2024లో ఎన్నికయ్యారు. నరసాపురం సభ్యుడు శ్రీనివాస వర్మ గారు ఆ జూన్‌లోనే కేంద్ర సహాయ మంత్రి అయ్యారు కనుక ఆయన పేరు జవాబుల వైపు వెతకాలి.