మునిగిన చేను, మారుటేరు వంగడము

ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు 2024 జూన్ 12 నాటికి అరువది సంవత్సరములు నిండినవి. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయమను పేరుతో హైదరాబాదు చెంత రాజేంద్రనగరమున వెలసిన ఈ సంస్థ, 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట గుంటూరు సమీపమందలి లాం గ్రామమునకు తరలినది. ఇట్టి ఉత్సవములలో భవనములను, పట్టభద్రులను లెక్కించుట పరిపాటి. కోనసీమ రైతు మాత్రము విశ్వవిద్యాలయమును తన గాదెలో చూచుకొనును.

వశిష్ఠకు ఆవల, పశ్చిమగోదావరి జిల్లాలో, ఈ విశ్వవిద్యాలయమునకు చెందిన మారుటేరు వరి పరిశోధనా స్థానము కలదు. వయస్సున ఇదియే పెద్దది, 1925లో నెలకొన్నది. అచ్చట 'వశిష్ఠ' అను వంగడమును 'మసూరి'తో సంకరపరచి పుట్టించినదే 1982లో విడుదలయిన 'స్వర్ణ', అనగా ఎం.టి.యు. 7029. కొద్దిపాటి ఎరువుతోనే మంచి దిగుబడి నిచ్చుటచే అది ఒడిస్సా, బెంగాలులను దాటి బంగ్లాదేశ్ వరకు ప్రాకినది.

అయిన నొక లోపము. సార్వాలో మురుగుకాలువలు పొంగి చేను మునిగినప్పుడు, సామాన్యమైన వరిమొక్క తల నీటిపైకి చాచవలెనని ఆత్రముగా పొడవు పెరుగును. తనలో దాచుకొన్న పిండిపదార్థము నంతయు అందులకే వెచ్చించును. నీరు తీసిన పిమ్మట నిలువ శక్తి చాలక వాలిపోయి కుళ్లును. స్వర్ణ గతియు నిదియే.

ఒడిస్సాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఏ అను రకము తీరు వేరు. నీటి అడుగున అది పెరుగుట మానును. నిలువయున్న ఆహారమును పొదుపుగా వాడుకొని, వరద తగ్గినంతనే క్రొత్త చిగురు వేయును. ఈ ఓర్పునకు మూలమైన సబ్1ఏ జన్యువు 2006లో వెల్లడియైనది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు, స్వర్ణ గుణములు చెడకుండ మరల మరల స్వర్ణతోనే సంకరపరచి, ఆ లక్షణమును దానిలో నిలిపిరి. 'స్వర్ణ-సబ్1' మన దేశమున 2009లో విడుదలయినది.

ఈ ఓర్పునకును హద్దు కలదు. పైరు ఎదుగుచున్న దశలో రమారమి రెండు వారముల ముంపునకు తాళును. నీరు బురదగా నున్నచో అంతకాలమును తాళదు. పూతదశలో మునిగినచో ఈ గుణము అంతగా అక్కరకు రాదు.

2011లో కోనసీమ రైతులు సార్వా పంటనే విరమించి పొలములను బీడు పెట్టిరి. గిట్టుబాటు ధర లేకపోవుటకు తోడు ముంపు బాధయు వారిని క్రుంగదీసినది. కాలువల పూడిక తీయుట విత్తనమునకు చేతనైన పని కాదుగదా! కావున నారు పోయుటకు ముందే, తన చేనిలో నీరు ఎన్ని దినములు నిలుచునో రైతు లెక్క చూచుకొనవలెను. పది దినములలో నీరు తీయు చేనికి స్వర్ణ-సబ్1 తగును. నెల నిలుచు పల్లమునకు మురుగుకాలువ బాగుచేయక తప్పదు.