పాత గోడకు సున్నమే మందు

భీమునిపట్నంలో మా తాతగారి ఇంటిని చూసిన ఇంజనీర్లంతా పడగొట్టేయమనే చెప్పారు. ఇటుకా సున్నంతో కట్టిన గోడలు, టేకు దూలాల మీద బంగళా పెంకులు. వేసవిలో తప్ప తలుపులు తీయని ఇంటికి ఇంత ఖర్చెందుకు, స్లాబు వేసి కొత్తది కట్టుకోమన్నారు. నేను ఒప్పుకోలేదు.

సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి స్లాబు పగిలి పెచ్చులూడుతుంది. మా గోడల్లో అసలు ఇనుమే లేదు. అయినా అవి పాడయ్యాయంటే కారణం సిమెంటు. ఎప్పుడో మరమ్మతు పేరుతో సున్నం మీద సిమెంటు పూసేశారు. సున్నం గోడ చెమ్మను పీల్చుకుంటుంది, గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు కప్పితే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది, దాంతో వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది.

"గోడకి ఊపిరాడ్డం లేదమ్మా" అన్నాడు మా తాపీ మేస్త్రి, రాలిన ఇటుకను వేళ్లతో నలిపి చూపిస్తూ.

సిమెంటంతా చెక్కించి గోడలను ఆరనిచ్చాం. నానబెట్టిన సున్నంలో ఇసుక కలిపి, కరక్కాయలు, బెల్లం ఊరిన నీళ్లు పోసి రుబ్బి, పల్చటి పొరలుగా పూశారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నెమ్మదిగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. తొందరపెడితే బీటలు తీస్తుంది. పైన ప్లాస్టిక్ పెయింటు వద్దని వెల్ల వేయించాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు పెంకులు ఎలా ఎగిరిపోయాయో ఇక్కడివాళ్లెవరూ మరచిపోలేదు. అందుకే చూరు వెంట, కొప్పు మీద ఉన్న పెంకులన్నిటినీ తుప్పు పట్టని స్టీలు తీగతో కట్టించాను. విరిగిన వాటి స్థానంలో కూల్చిన ఇళ్ల నుంచి తెచ్చిన పాత పెంకులే వేశాం. ఎత్తయిన కప్పు, ఎదురెదురు కిటికీలు ఉన్నాయి కాబట్టి ఏసీ పెట్టలేదు.

దీపాల విషయంలో మాత్రం ఇంట్లో అందరితోనూ గట్టిగా వాదించాను. ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి గుడ్లలోంచి బయటపడ్డ పిల్లలు వెలుగు ఎక్కువగా ఉన్న వైపుకే పాకుతాయి. అది సముద్రం కాక మన వరండా అయితే అవి చచ్చిపోతాయి. అందుకే సముద్రం వైపు లైట్లు తీయించేశాను, పెరటి వైపు కిందికి వంచిన పసుపు దీపాలే ఉంచాను.

తీరంలో పాత ఇల్లున్నవారికి ఒక్క మాట. పోటు రేఖ నుంచి 500 మీటర్ల లోపు నేల తీర నియంత్రణ మండలం నిబంధనల కిందికి వస్తుంది. కూల్చాక మళ్లీ కట్టుకోవడానికి అనుమతి వస్తుందో లేదో ముందే కనుక్కోండి. గునపం దింపే ముందు సున్నం పని తెలిసిన మేస్త్రికి ఇంటిని ఒకసారి చూపించండి.