పాము కాటుకు పసరు పనిచేస్తుందా?

గడ్డిమోపు ఎత్తుకుని గట్టు మీద వస్తుంటే కాలికి ఏదో చురుక్కుమంది. చూస్తే మట్టి రంగు పాము. వీపు మీద గొలుసులాగా మచ్చలు. రక్తపింజర!

ఇలాంటప్పుడు ఇంట్లో వాళ్లు ఏం చేస్తారు? ఆకు కోసం పరిగెత్తుతారు. పసరు పిండుతారు. తాడు బిగిస్తారు. అక్కడే గంటలు గడిచిపోతాయి.

రక్తపింజర విషం ఊరుకోదు. కరిచిన చోట కండను పాడుచేస్తుంది. కాలు వాస్తుంది. బొబ్బలు లేస్తాయి. తోలు నల్లబడుతుంది. రక్తం గడ్డకట్టదు. చిగుళ్ల నుంచి కూడా రక్తం కారుతుంది. మూత్రపిండాలు చెడిపోవచ్చు.

మరి మన చెట్లలో మందు లేదా? చాలామంది వెతికారు. వావిలి వేరు, సుగంధిపాల వేరు, చింతగింజ. వీటిని మన దేశంలోనే ఎలుకల మీద పరీక్షించారు. విషం చేసే హాని కొంత తగ్గింది. కానీ ఇలాంటి పరీక్షల్లో చాలాసార్లు విషాన్నీ, మందునూ ముందే కలిపి ఎక్కిస్తారు. పాము అలా మందు కలిపి కరవదు కదా! మనుషులకు పాముకాటు మందుగా ఏ చెట్టూ ఇంతవరకు రుజువు కాలేదు.

కొందరు ఈశ్వరి వేరు అరగదీసి తాగిస్తారు. ఆ వేరులో మూత్రపిండాలను పాడుచేసే పదార్థం ఉంది. రక్తపింజర విషం దెబ్బతీసేదీ వాటినే.

"పసరుతో బతికినవాళ్లు లేరా?" అంటారు. ఉన్నారు. జెర్రిపోతు, నీరుకట్టు పాములు కరిస్తే ప్రాణం పోదు. విషప్పాము కూడా ఒక్కోసారి విషం దింపకుండానే కరుస్తుంది. మనిషి అందుకే బతికింది. పేరు పసరుకు వచ్చింది.

అసలు విరుగుడు సూది మందు. గుర్రాలకు కొద్దికొద్దిగా పాము విషం ఎక్కిస్తారు. వాటి రక్తంలో విరుగుడు పుడుతుంది. దాన్ని తీసి మందు చేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ ఒకటే మందు. ఆసుపత్రిలో కొంచెం రక్తం గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. వెంటనే సూది మందు ఎక్కిస్తారు. అయితే అప్పటికే చచ్చిన కండను ఆ మందు కూడా బతికించలేదు. ఆలస్యమైతే వేలో, కాలో తీసేయాల్సి రావచ్చు.

కాటు పడగానే మెట్టెలు, పట్టీలు తీసేయాలి. చేతికైతే గాజులు, ఉంగరాలు. వాపు వస్తే అవి కండలోకి దిగుతాయి. మెట్టెలు తీయడం అశుభమని వెనకాడవద్దు. కాలు నయమయ్యాక మళ్లీ పెట్టుకోవచ్చు. కాలికి బద్ద కట్టి కదలకుండా చూడాలి. కోయవద్దు, తాడు బిగించవద్దు, నడిపించవద్దు. 108కి ఫోను చేయాలి. ఎన్నింటికి కరిచిందో డాక్టరుకు చెప్పాలి. పసరు తాగించి ఉంటే అదీ దాచకుండా చెప్పాలి.