అరకు కొండల్లో కాండిడేట్స్‌ని ఎలా వెతకాలి? సోర్సింగ్‌లో మనం మర్చిపోయే విషయం

ఈ ఎపిసోడ్ హెచ్ఆర్‌లో ఉన్నవాళ్లకి, కన్సల్టెన్సీ నడిపేవాళ్లకి. టాపిక్ సోర్సింగ్. సోర్సింగ్ అంటే ఇంటర్వ్యూ కాదు, సెలెక్షనూ కాదు. మన ఉద్యోగానికి సరిపోయే మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టి, అతనితో మొదటి మాట కలపడం.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఫ్రెషర్స్ కావాలంటే నౌకరీ, లింక్డ్‌ఇన్ ఓపెన్ చేసేవాళ్లం. కీవర్డ్ కొడితే చాలు, రెజ్యూమెలే రెజ్యూమెలు. అదే అలవాటుతో అరకు, చింతపల్లి అని కొట్టి, పెద్దగా ఎవరూ రాలేదని వదిలేస్తాం. కానీ అరకులో, పాడేరులో, చింతపల్లిలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలున్నాయి. అక్కడ ఏటా పాసయ్యేవాళ్లున్నారు. మనం వెతికే చోట లేరు, అంతే.

పోయినేడాది పాడేరు వైపు షూట్‌కి వెళ్తే ఒక డిగ్రీ కుర్రాడు కలిశాడు. ఒక ఏజెంట్ నెలకి పదిహేను వేలని చెప్పి వేరే రాష్ట్రంలో ఫ్యాక్టరీకి తీసుకెళ్లాడంట. హాస్టల్, భోజనం కట్ చేసి చేతికిచ్చింది తొమ్మిది వేలు. "నలుగురం వెళ్లాం అన్నా, నలుగురం వచ్చేశాం. ఇప్పుడు ఎవరొచ్చి పిలిచినా మా ఊళ్లో ఎవరూ కదలరు" అన్నాడు.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఇక్కడ మీరు ఒక్క కాండిడేట్‌తో మాట్లాడట్లేదు, ఊరితో మాట్లాడుతున్నారు. ఒక్క అబద్ధంతో ఊరు మొత్తం పోతుంది.

మరి ఏం చెయ్యాలి?

ఒకటి, ఎక్కడ వెతకాలి. ముందు కాలేజీ లెక్చరర్లని, పాడేరు ఐటీడీఏ ఆఫీసుని, గ్రామ సచివాలయాన్ని కలవండి. తర్వాత వారపు సంతకి వెళ్లండి. చుట్టుపక్కల కొండల మీద ఊళ్లన్నీ ఆ రోజు కిందికి దిగుతాయి. ఇంకో చిన్న ట్రిక్: కొన్ని ఊళ్లలో సిగ్నల్ ఉండదు. రెండుసార్లు ఫోన్ కలవకపోతే "నాట్ ఇంట్రస్టెడ్" అని రాసేయకండి. సంత రోజు చేసి చూడండి.

రెండు, ఏం అడగాలి. డ్వాక్రా సంఘం లెక్కలు రాసే అమ్మాయి రెజ్యూమెలో "అకౌంట్స్" అని పెట్టదు. కాఫీ పళ్లు ఏరి, పల్పింగ్ చేసి, బేరమాడి అమ్మే కుర్రాడు "సేల్స్" అని రాయడు. ఇంట్లో కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ మాట్లాడి, బయట తెలుగు మాట్లాడేవాళ్లు అది ఒక స్కిల్ అనే అనుకోరు. రిసార్ట్‌కి, ఆస్పత్రికి అది బంగారం. అందుకే "ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అని కాకుండా, "ఇంట్లో, ఊళ్లో ఏమేం పనులు చేస్తావు?" అని అడగండి.

మూడు, ఏం చెప్పాలి. సీటీసీ కాదు, చేతికొచ్చే జీతం చెప్పండి. దేనికెంత కట్ అవుతుందో కాగితం మీద తెలుగులో రాసివ్వండి. చైత్రంలో ఇటుకల పండగకి, చలికాలంలో కాఫీ కోతకి ఇంటికెళ్తామంటారు. సెలవు ఇస్తారో లేదో ముందే తేల్చండి. రిజిస్ట్రేషన్ ఫీజని డబ్బులు తీసుకోవద్దు, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవద్దు. అమ్మానాన్నలతో కూడా మాట్లాడండి.

నాలుగు, సక్సెస్‌ని ఎలా కొలవాలి. 2014లో కేంద్రం మొదలుపెట్టిన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో ఒక మంచి రూల్ ఉంది. ట్రైనింగ్ అయినవాళ్లు ఉద్యోగంలో చేరితే సరిపోదు, మూడు నెలలు నిలిస్తేనే ప్లేస్‌మెంట్ కింద లెక్క. మీరూ అదే పెట్టుకోండి. ఎంతమందిని బస్సెక్కించాం అని కాదు, తొంభై రోజుల తర్వాత ఎంతమంది ఉన్నారు అని చూడండి.

అలా నిలిచినవాళ్లు పండక్కి ఇంటికెళ్లి "నిజంగానే అంత ఇస్తున్నారు" అని చెప్తే, తర్వాతి బ్యాచ్ కోసం మీరు వెతకక్కర్లేదు. వాళ్లే తీసుకొస్తారు.

మీ ఏజెన్సీ ఊళ్లలో అనుభవాలు కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.