జీపు కింద ఎనిమిది చేతులు

కొండదారుల పిచ్చి పట్టినవాళ్లు ముందు పెద్ద టైర్లు కొంటారు. తర్వాత బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్ కొంటారు. రెండూ పదిమంది కళ్లలో పడతాయి. ఎవరి కంటా పడకుండా రాళ్ల దెబ్బలు తింటూ పొట్ట కింద ఉండిపోయేవి కంట్రోల్ ఆర్మ్‌లు. ఎత్తు పెంచిన బండి రోడ్డు మీద నేరుగా పోవాలన్నా, బండల మీద నాలుగు చక్రాలూ నేలను తడుముకోవాలన్నా వీటి చలవే కావాలి. కంపెనీ ఆర్మ్‌లు తీసేసి బయటివి వేయించాలనుకునేవాళ్లకూ, ఊరికే తెలుసుకుందామనుకునేవాళ్లకూ కొన్ని విశేషాలు.

ఎనిమిది లెక్క

జీప్ రాంగ్లర్ కింద దూరి లెక్కపెడితే కంట్రోల్ ఆర్మ్‌లు ఎనిమిది తేలతాయి. ముందు యాక్సిల్‌కు పైన రెండు, కింద రెండు. వెనక యాక్సిల్‌కూ అంతే. యాక్సిల్ పక్కకు జారకుండా ముందొకటి, వెనకొకటి అడ్డకడ్డీ అదనం. మారుతి జిమ్నీది పొదుపు సంసారం. ఒక్కో యాక్సిల్‌కు రెండు ఆర్మ్‌లు, ఒక అడ్డకడ్డీ, అంతే. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి, కాబట్టి అక్కడి ఆర్మ్‌లు ఇంగ్లిషు ‘ఏ’ అక్షరంలా ఉంటాయి. షెడ్డులో మెకానిక్ “లోయర్ ఆర్మ్ పోయింది సార్” అన్నాడంటే చాలావరకు ఈ రకం గురించే.

మోసేది వేరు, పట్టేది వేరు

గట్టి యాక్సిల్ ఉన్న రాంగ్లర్ లాంటి బళ్లలో బరువు మోసే పని స్ప్రింగుది. ఆర్మ్ పని యాక్సిల్‌ను దాని చోట పట్టి ఉంచడం. చక్రం నేలను తన్ని ముందుకు కదిలినప్పుడు ఆ తోపుడు చాసీకి చేరేది ఆర్మ్‌ల గుండానే. బ్రేకు బలం వెళ్లేదీ అదే దారిన. రెండు టన్నుల బండిని నెట్టేవీ ఆపేవీ మణికట్టంత లావు గొట్టాలన్నమాట.

కమాన్ కట్ట ఉద్యోగం పోయాక

లారీవాళ్లు ‘కమాన్ కట్ట’ అనే మాటలో పారశీకం ఉంది. కమాన్ అంటే విల్లు. వంచిన విల్లులాంటి ఈ పట్టీల కట్ట ఒంటిచేత్తో రెండు పనులూ చేసేది. బరువు మోసేది, యాక్సిల్‌నూ పట్టుకునేది. పాత జీపులో కటికి జలపాతానికి వెళ్లొచ్చినవాళ్ల నడుముకు దాని గుణం తెలుసు. చుట్టలా ఉండే కాయిల్ స్ప్రింగు మెత్తనిదే గాని యాక్సిల్‌ను పట్టుకోవడం దానికి చేతకాదు. అందుకే కాయిల్ వచ్చిన ప్రతిచోటా ఆర్మ్‌లూ వచ్చాయి. 1970లో రేంజ్ రోవర్‌కు, 1984 మోడల్‌తో జీప్ చెరోకీ ముందు భాగానికి, 1997 మోడల్‌తో రాంగ్లర్‌కు అలా వచ్చాయి. మన జిప్సీ మాత్రం 1985లో మొదలై చివరిదాకా కమాన్ కట్టల మీదే నడిచింది.

ఉయ్యాల లెక్క

పొట్టి తాడు ఉయ్యాల కొంచెం ఊగితేనే గుండ్రంగా పైకి లేస్తుంది. పొడుగు తాడుది దాదాపు నేరుగా సాగే ఊపు. ఆర్మ్‌లకూ ఇదే సూత్రం. 400 మి.మీ. పొడవున్న ఆర్మ్ నేలకు సమాంతరంగా ఉందనుకుందాం. బండిని 100 మి.మీ. ఎత్తితే ఆర్మ్ 14 డిగ్రీలకు పైగా కిందికి వాలుతుంది, యాక్సిల్‌ను దాదాపు 13 మి.మీ. తన వైపు లాగేస్తుంది. అదే 900 మి.మీ. ఆర్మ్ అయితే వాలు 6 డిగ్రీల పైచిలుకు, లాగుడు 6 మి.మీ. లోపే. ఎత్తు పెంచిన బండిలో టైరు మడ్‌గార్డు మధ్యలో కాకుండా ఓ పక్కకు జరిగి కనిపించడం వెనక ఉన్న గుట్టు ఇదే.

అలాగని అందరికీ లాంగ్ ఆర్మ్ అక్కర్లేదు. దానికోసం చాసీ మీది పాత బ్రాకెట్లు కోసి కొత్తవి వెల్డింగ్ చేయాలి. పొట్ట కింద పొడవాటి గొట్టాలు రాళ్లకు తగులుతాయి. రెండు మూడు అంగుళాల ఎత్తుకు పొడవు మార్చుకోగల పొట్టి ఆర్మ్‌లు సాధారణంగా సరిపోతాయి. నాలుగైదు అంగుళాలు దాటాకే లాంగ్ ఆర్మ్ ఖర్చుకు అర్థం ఉంటుంది. ఈ రెంటికీ మధ్య దారి డ్రాప్ బ్రాకెట్. చాసీ వైపు మూలాన్ని కిందికి దించి, ఆర్మ్‌ను మళ్లీ సమాంతరానికి తెస్తుంది. కాకపోతే సంపాదించిన ఎత్తులో కొంత ఆ బ్రాకెట్టే తినేస్తుంది.

సూపర్‌బజార్ బండి చెప్పే పాఠం

సామాన్ల తోపుడు బండిని నెడితే దాని చిన్న చక్రాలు గిర్రున తిరిగి నెట్టిన దిక్కుకే సర్దుకుంటాయి. ఆ గుణం పేరే కాస్టర్. జీపు ముందు చక్రాలు మలుపుకు తిరిగే ఇరుసును పైన కాస్త వెనక్కి వాల్చి ఇదే గుణం తెప్పిస్తారు. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటదే మధ్యకు రావడం దాని పుణ్యమే. బండి ఎత్తు పెంచితే ముందు యాక్సిల్ పైభాగం ముందుకు తిరిగి ఈ వాలు తగ్గిపోతుంది. హైవే మీద బండి అటూ ఇటూ తచ్చాడుతుంది. మందు సులువైనదే. కింది ఆర్మ్‌లను కొంచెం పొడిగించాలి, లేదా పై ఆర్మ్‌లను కొంచెం కుదించాలి. జిమ్నీలాంటి బళ్లలో ఒక్కో ఆర్మ్ యాక్సిల్‌ను రెండు రబ్బరు బుష్‌లతో పట్టేస్తుంది, పొడిగించి వాలు మార్చే వీలుండదు. వాటికి రంధ్రం మధ్యలో కాకుండా పక్కకు ఉన్న ప్రత్యేక బుష్‌లు దొరుకుతాయి.

ఒకచోట ఇచ్చి, ఇంకోచోట పుచ్చుకునే యాక్సిల్

కాస్టర్ వాలు తెచ్చుకోవడానికి ముందు యాక్సిల్‌ను వెనక్కి తిప్పితే, ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే దాని పినియన్ ముక్కు నేల చూస్తుంది. ఆ షాఫ్ట్ జాయింటు ఎక్కువగా వంగి వణుకు పుడుతుంది. రెండూ నూరు శాతం కుదరవు. నడిచినంత మేర వాలు తెచ్చుకుని జాయింటు బతికే కోణం దగ్గర ఆగాలి. అందుకే నాణ్యమైన కిట్‌లో లిఫ్ట్ ఎత్తుకు తగ్గ ఆర్మ్ పొడవు ముందే రాసి ఇస్తారు. టేపు పెట్టి మొదట ఆ కొలతకు సరిచేసి బిగించాక అలైన్‌మెంట్‌కు వెళ్తే సగం పని అయిపోయినట్టే.

ఎడమ మర, కుడి మర

పొడవు మార్చుకునే ఆర్మ్‌లు రెండు రకాలు. ఒకవైపు మాత్రమే మర ఉన్నవాటిని సరిచేయాలంటే ఒక కొస బోల్టు విప్పి తీయాలి. రెండు కొసల్లో ఒకదానికి కుడి మర, రెండోదానికి ఎడమ మర ఉన్నవాటిని బండి మీద ఉండగానే స్పానర్‌తో తిప్పి పొడిగించవచ్చు, కుదించవచ్చు. ఏ రకమైనా మరను కదలకుండా పట్టే చెక్ నట్ వదులైతే మర అరగడం మొదలవుతుంది. జాయింటు మర ఎంత లావుందో కనీసం అంత పొడవు గొట్టంలోకి దిగి ఉండాలి. చివరి చుట్ల మీద వేలాడేది ఎప్పుడో ఊడుతుంది.

రబ్బరు తిరగదు, మెలిపడుతుంది

కంపెనీ ఆర్మ్ కొసనుండే రబ్బరు బుష్ బేరింగులా గుండ్రంగా తిరుగుతుందనుకుంటాం. తిరగదు. రబ్బరు లోపలి ఇనుప గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, ఆర్మ్ కదిలినప్పుడల్లా మెలిపడి మళ్లీ సర్దుకుంటుంది. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, బండి దించగానే ఆ రబ్బరు శాశ్వతంగా మెలికలోనే ఉండిపోతుంది, కొద్ది నెలల్లో చిరుగుతుంది. చక్రాల మీద బరువు పడ్డాక, మామూలు ఎత్తులో నిలిచాకే చివరి బిగింపు. బుష్ నాసిరకమని కంపెనీని తిట్టేముందు ఎవరు ఎలా బిగించారో అడగాలి.

పాలీయురేథేన్ కిచకిచ

రంగురంగుల గట్టి బుష్‌లు పాలీయురేథేన్‌వి. ఈ పదార్థాన్ని 1937లో జర్మనీలోని లెవర్‌కూజెన్‌లో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టింది. మందుల కంపెనీ బేయర్ కుటుంబానికీ ఆయనకూ చుట్టరికం లేదు, ఇంటిపేరొకటే. ఈ బుష్ రబ్బరులా అతుక్కోదు, గొట్టం చుట్టూ జారుతుంది. కాబట్టి గ్రీసు పెట్టకపోతే ఎలుకల గూడులా కిచకిచలాడుతుంది. స్టీరింగ్‌కు బిగువు తెస్తుంది గాని యాక్సిల్ అడ్డంగా మెలి తిరిగేటప్పుడు సులువుగా వంగదు. తారురోడ్డు ఎక్కువ, బండరాళ్లు తక్కువ అయితే ఇబ్బంది లేదు.

శత్రు విమానాల కానుకలు

బుష్‌కు బదులు ఇనుప బంతి ఉన్న రాడ్ ఎండ్ జాయింటుకు రెండు పేర్లు. అమెరికాలో హైమ్ జాయింట్, బ్రిటన్‌లో రోజ్ జాయింట్. 1940లో బ్రిటన్‌వాళ్లు కూల్చిన జర్మన్ విమానంలో ఇది కనపడిందనీ, అమెరికాలో హైమ్ కంపెనీకీ బ్రిటన్‌లో రోజ్ కంపెనీకీ తయారీ హక్కులు వచ్చాయనీ చెబుతారు. అన్ని దిక్కులా తిరగడంలో దీనికి సాటి లేదు. కానీ మధ్యలో రబ్బరు లేనందున ప్రతి గులకరాయి చప్పుడూ సీటు దాకా వస్తుంది. దుమ్ము దూరితే తొందరగా అరుగుతుంది.

అల్యూమినియం ఆర్మ్‌లు చేసే 7075 రకం లోహం కథా ఇలాంటిదే. జపాన్‌లో సుమిటోమో కంపెనీ తయారుచేసిన ఇటువంటి మిశ్రమంతో జీరో యుద్ధవిమానాలు కట్టారు. చేజిక్కిన జపాన్ విమానాన్ని పరిశీలించి అమెరికాలో అల్కోవా కంపెనీ 1943లో తమ రకాన్ని తెచ్చింది.

ఒక కొస మెత్తన, ఒక కొస మెలిక

రోజూ ఆఫీసుకూ ఆదివారం రాళ్లకూ ఒకే బండి నడిపేవాళ్లకు నచ్చే అమరిక ఒకటుంది. ఆర్మ్‌కు ఒకవైపు రబ్బరు బుష్, రెండోవైపు బంతి జాయింటు. మొదటిది చప్పుడు మింగుతుంది, రెండోది మెలి తిరగనిస్తుంది. అలాంటి బంతి జాయింటే, అమెరికాలో జాన్ కరీ పేరు మీద వచ్చిన జానీ జాయింట్‌లో బంతి చుట్టూ గట్టి ప్లాస్టిక్ గిన్నెలు ఉంటాయి. గ్రీసు ఎక్కించుకోవచ్చు, అరిగితే విప్పి లోపలివి మార్చుకోవచ్చు. కొనేముందు ఆ లోపలి సామాను విడిగా దొరుకుతుందో లేదో కనుక్కోవడం తెలివి.

వెదురు బొంగు తెలివి

50 మి.మీ. లావున్న ఉక్కు కడ్డీ మధ్యలో 38 మి.మీ. తొలిచేస్తే బరువు 58 శాతం తగ్గుతుంది. వంగకుండా నిలిచే బిగువు మాత్రం మూడోవంతే తగ్గుతుంది. వెదురు ఏనాడో పట్టేసిన సూత్రమిది. ఇంకో చమత్కారం: అదే లావున్న 7075 అల్యూమినియం కడ్డీని అసలు తొలచకపోయినా మీటరు బరువు ఈ ఉక్కు గొట్టం కన్నా ఒక కిలో తక్కువే. కాకపోతే బిగువు దాదాపు సగం. అందుకే అది రాయికి తగిలి వంగి, మళ్లీ తన రూపానికి వస్తుంది. వెల్డింగ్ మాత్రం దానికి పడదు.

పేర్లలో దాగిన అంకెలు

ఆర్మ్ గొట్టం వివరాల్లో ‘డీవోఎం’ అని రాసి ఉంటే అది ఉక్కు రకం అనుకోకండి. లోపల కడ్డీ పెట్టి గొట్టాన్ని సాగదీసే పద్ధతి పేరది. ‘4130 క్రోమోలీ’లో 41 అంటే క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు అని. 30 అంటే కర్బనం 0.30 శాతం అని. అది మామూలు ఉక్కు కన్నా ఎక్కువ బలానికి గాని శాశ్వతంగా వంగదు. కానీ ఒకే కొలతకు బిగువులో రెంటికీ తేడా లేదనే చెప్పాలి.

వంకర చేయి

రాళ్లకు తగలకుండా పైకి వంచిన ఆర్మ్‌లు చూడటానికి బాగుంటాయి. అయితే రెండు కొసల నుంచి నొక్కితే నేరు కడ్డీయే బలం. వంపు దగ్గరే కడ్డీకి వంగాలనే బుద్ధి పుడుతుంది. 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ చెప్పిన లెక్క ప్రకారం పొడవు రెట్టింపైతే నొక్కుడును తట్టుకునే శక్తి నాలుగోవంతుకు పడిపోతుంది. లాంగ్ ఆర్మ్‌కైనా వంచిన ఆర్మ్‌కైనా గొట్టం లావుగా ఉందో లేదో చూడాలి.

థార్ కింద జేమ్స్ వాట్

అడ్డకడ్డీకి ఒక లోపం. యాక్సిల్ పైకీ కిందికీ పోతుంటే అది దాన్ని కాస్త పక్కకు కూడా నెడుతుంది. అందుకే లిఫ్ట్ చేసిన బండికి పొడవు మార్చుకునే అడ్డకడ్డీ కావాలి. ఈ పక్క నెట్టుడు లేకుండా దాదాపు నేరుగా కదిలించే లింకుల అమరికను ఆవిరి యంత్రం కోసం జేమ్స్ వాట్ 1784లో పేటెంట్ చేశాడు. తన యంత్ర కల్పనల్లో దీన్ని చూసుకునే ఎక్కువ గర్వపడతానని కొడుక్కి రాశాడు. 2022 స్కార్పియో ఎన్, 2024 థార్ రాక్స్ వెనక యాక్సిల్‌ను పట్టుకున్నది ఆ వాట్ లింకే.

ఏటవాలు మీద మార్కులు

యాక్సిల్ ఎంత స్వేచ్ఛగా మెలి తిరుగుతుందో కొలవడానికి 20 డిగ్రీల ఏటవాలు దిమ్మె వాడతారు. ఒక ముందు చక్రాన్ని దానిమీదికి ఎక్కిస్తారు. ఇంకో చక్రం నేల వదలబోయే క్షణాన ఆపి, ఎక్కిన దూరాన్ని ముందు వెనక చక్రాల మధ్య దూరంతో భాగించి 1000తో హెచ్చిస్తారు. కంపెనీ ఆర్మ్‌లతో ఒకసారి, కొత్తవాటితో ఒకసారి ఎక్కిస్తే పెట్టిన డబ్బు ఏమైందో అంకెల్లో కనపడుతుంది.

చట్టం చేతులు ఇంకా పొడవు

మన దేశంలో మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అరిగిన ఆర్మ్‌కు అదే కొలత కొత్తది వేయడం ఒక ఎత్తు, బండి రూపు మార్చడం ఇంకో ఎత్తు. ఆర్టీవో ఆఫీసులో, బీమా కంపెనీలో ముందే అడిగి పెట్టుకోవాలి.

బోల్టు మీద తెల్ల గీత

ఆర్మ్‌ను నిలబెట్టేది బోల్టు లావు కన్నా బోల్టు బిగింపు. బుష్ మధ్య గొట్టాన్ని బ్రాకెట్ రెండు చెంపలూ నొక్కిపట్టాలి. బిగింపు సడలితే బోల్టు అటూ ఇటూ కొట్టుకుని గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన ఆర్మ్ అయినా ఒకటే. గట్టి ముందు యాక్సిల్ బళ్లలో ఒక గుంత తగలగానే స్టీరింగ్ పిచ్చిగా ఊగిపోయే ‘డెత్ వాబుల్’ జబ్బుకు ఇలా వదులైన బోల్టులూ అరిగిన బుష్‌లూ పెద్ద కారణం. అనుభవం ఉన్న మెకానిక్‌లు టార్క్ రెంచితో బిగించాక నట్ మీదుగా బ్రాకెట్ దాకా పెయింట్ పెన్నుతో ఒక తెల్ల గీత గీస్తారు. మొదటి కొండ ప్రయాణం నుంచి వచ్చాక టార్చి పట్టుకుని కింద దూరండి. గీత విరగకుండా ఒకే వరసలో ఉంటే, ఎనిమిది చేతుల్లో ఏదీ పట్టు వదలలేదన్నమాట.