లెక్కకు ముందు బొమ్మ

నిరుడు ఒక సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత, మా వద్ద ఖుర్ఆన్ నేర్చుకునే బాలుడొకడు భౌతికశాస్త్ర పుస్తకంతో వచ్చాడు. ప్రవేశ పరీక్ష దగ్గరపడింది. "హజ్రత్! ఈ లెక్కలు నా వల్ల కావు. పది తర్వాత సైన్సు తీసుకోను" అన్నాడు. మేము ఆ శాస్త్రంలో పండితులం కాము. అయినా అతణ్ణి నిరాశతో పంపడానికి మనసొప్పలేదు.

మొదటి ప్రశ్న ధ్వని గురించి. కొండకు ఎదురుగా నిలబడి కేక వేస్తే 2 సెకన్లకు ప్రతిధ్వని వినిపించింది. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. కొండ ఎంత దూరం? బాలుడు 680 మీటర్లన్నాడు. మేమూ తలూపాము. పుస్తకం చివర జవాబు 340 అని ఉంది! అప్పుడు మనిషినీ కొండనూ గీయించాము. కేక వెళ్ళి తిరిగి రావాలి కదా! రెండు సెకన్లలో పోకకు పట్టింది ఒక్క సెకనే. "పొరపాటు నాది కూడా" అని ఒప్పుకున్నాము. బాలుని ముఖంలో భయం తగ్గింది.

తరువాతిది కటకం. 10 సెంటీమీటర్ల నాభ్యంతరం గల కుంభాకార కటకం ముందు 15 సెంటీమీటర్ల దూరంలో దీపముంది. ఈసారి ముందే కిరణాలు గీశాము. ప్రతిబింబం తలకిందులుగా, పెద్దదిగా, 20 సెంటీమీటర్లకు ఆవల పడుతుందని తేలింది. ఆ పైనే లెక్క: 1/10 నుండి 1/15 తీసివేస్తే 1/30. అంటే 30 సెంటీమీటర్లు. తీసివేయడానికి బదులు కూడి ఉంటే 6 వచ్చేది. అది తప్పని బొమ్మే పట్టి ఇచ్చేది.

వెయ్యేళ్ళ క్రితం బస్రాలో జన్మించిన ఇబ్న్ అల్ హైసమ్ "కితాబుల్ మనాజిర్" రచించారు. కాంతి వస్తువు నుండి కంటికి వస్తుందని ఆయన వివరించారు. పూర్వులు చెప్పారని నమ్మి ఊరుకోక, ప్రయోగంతో పరీక్షించారు. ఆ సంగతీ బాలునికి చెప్పాము.

చివరిది శక్తి. 10 కిలోల బియ్యం మూటను 3 మీటర్ల ఎత్తైన మేడపైకి చేర్చితే అది పొందే స్థితిశక్తి 10×9.8×3, అంటే 294 జౌళ్లు. "మెట్లు చుట్టూ తిరిగి వెళితే ఎక్కువ కాదా?" అని బాలుడు అడిగాడు. తానే బొమ్మ గీసి, లెక్కకు వచ్చేది ఎత్తు మాత్రమేనని తానే చెప్పాడు.

తల్లిదండ్రులారా! మీకు సూత్రాలు రాకపోయినా ఫరవాలేదు. పిల్లల పక్కన కూర్చొని "ఇక్కడ ఏం జరుగుతోంది? మనకు తెలిసినదేమిటి? వచ్చిన జవాబు నమ్మదగినదేనా?" అని అడగండి. మీరు తప్పితే ఒప్పుకోండి. ఆ బాలుడు ఈ ఏడాది ఎంపీసీలో చేరాడు.